యంత్రమునకు యజమానుడెవ్వడు?

మియాపూరు చెంత ఆల్విన్ కూడలి యను నాలుగు బాటల కలయిక యున్నది. కూకటుపల్లి ప్రక్కన ఆల్విన్ కాలనీ యను పేట యున్నది. ప్రతిదినము ప్రొద్దుటిపూట వేలకొలది యువతీయువకులు ఆ దారుల వెంట మాధాపురమునకు, గచ్చిబౌలికి, హైటెక్ సిటీకి ఉద్యోగములకు పోవుచుందురు. ఆ పేరు మనిషిదో, ఊరిదో వారిలో అనేకులెఱుగరు. అది యొక కర్మాగారము పేరు. 1942లో నిజాము ప్రభుత్వపు పారిశ్రామిక నిధి తోడ్పాటుతో నెలకొని, సనత్‌నగరమున ఫ్రిజ్జులను, బస్సు బాడీలను, తరువాతి కాలమున చేతిగడియారములను తయారుచేసిన మన హైదరాబాదు కర్మాగారము పేరు. 1990 దశకమున దాని ఫ్రిజ్జుల వ్యాపారము ఇతరుల హస్తగతమయ్యెను. కర్మాగారము కాలములో కలిసినది. పేరు మాత్రము కూడలికి మిగిలినది.

ఆ ఫ్రిజ్జు నెఱిగిన పెద్దలు నేటికిని దానిని తలచుకొని, "ఆ యినుము ఇప్పుడెక్కడిది? ఆ పనితన మిప్పుడెక్కడిది?" యని నిట్టూర్తురు. వారి బిడ్డలు, హైటెక్ సిటీలో కొలువు చేయువారు, నవ్వి, "తాతగారి ఫ్రిజ్జు తినిన కరెంటుతో నేడు ఇంటినంతయు నడుపవచ్చును" అందురు. అంబాసిడరు కారు గొప్పదా, నేటి కారు గొప్పదా? నాటి పంకా మేలా, నేటి పంకా మేలా? పఠనమందిరములలో, పెండ్లి పందిళ్ళలో, కోర్టు వరండాలలో ఈ వాదము ఎడతెగక సాగుచున్నది. ఇది పొద్దుపుచ్చుటకు ఆడుకొను మాటగా పలువురు తలంతురు. మేమట్లు తలంపము. దీనిలో మన గృహస్థుల ధనము, మన చేతిపనివారి జీవనము, మన స్వాతంత్ర్యభావము ఇమిడియున్నవి. కావున ఉభయపక్షముల వాదమును న్యాయబుద్ధితో విచారింప బూనితిమి.

మొట్టమొదట క్రొత్తవాని పక్షమున చెప్పవలసినది చెప్పుట ధర్మము. పాత కార్లు బలమైనవను నమ్మకము మన జనులలో గాఢముగా నున్నది. రేకు మందముగా నుండుటయే బలమైనచో ఆ నమ్మకము నిజమే. కాని ప్రమాదము సంభవించినపుడు కాపాడవలసినది రేకును కాదు, లోన కూర్చున్న మనిషిని. కారు ముందుభాగము నలిగి, దెబ్బను తాను మ్రింగి, మనిషిదాక పోనీయకుండవలెను. నలుగని కారులో దెబ్బ యంతయు మనిషికే తగులును. నాటి అంబాసిడరులో ఎయిర్‌బ్యాగులు లేవు. బ్రేకు గట్టిగా త్రొక్కినపుడు చక్రములు బిగిసిపోకుండ కాపాడు ఏర్పాటు లేదు. 2022వ సంవత్సరమొక్కదానిలో మన దేశపు రోడ్లపై 1,68,491 మంది మరణించిరని ప్రభుత్వపు లెక్క. ఇంతటి మారణహోమము నడుమ, ప్రాణరక్షణ సాధనములు లేని బండిని కేవల మభిమానముచేత మెచ్చుకొనుట మాకు సమ్మతము కాదు.

గాలి విషయము చూడుడు. సీసము కలిసిన పెట్రోలు మన దేశమున 2000వ సంవత్సరము వఱకు అమ్ముడుపోయినది. 2020 ఏప్రిల్ 1వ తేదీ నుండి అమలులోనికి వచ్చిన భారత్ స్టేజి 6 నిబంధనలచే, డీజిలు కారు కిలోమీటరునకు విడువదగిన నైట్రోజను ఆక్సైడ్ల పరిమితి 250 మిల్లీగ్రాముల నుండి 80 మిల్లీగ్రాములకు తగ్గినది. పాత ఫ్రిజ్జులలోని గ్యాసు ఆకాశమునందలి ఓజోను పొరను తినివేయుచుండెను. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందము పిమ్మట అది క్రమముగా వాడుక నుండి తొలగినది. 60 వాట్ల బల్బు ఇచ్చు వెలుగును నేడు 9 వాట్ల ఎల్.ఇ.డి. దీపమిచ్చుచున్నది. 75 వాట్లు కోరిన పంకా స్థానమున 30 వాట్ల పంకా వచ్చినది. ఇవి యన్నియు అంకెలకందు సత్యములు. వీనిని కాదనువాడు వాదమునకు అర్హుడు కాడు.

ఇంకొక మాట. మనము నేడు చూచుచున్న పాత వస్తువులు, బ్రతికి బట్టకట్టిన వస్తువులు. వానితోబాటు పుట్టి మూడేండ్లకే మూలబడినవి ఎప్పుడో పాతసామానులవాని తక్కెడ కెక్కినవి. చెడిపోయిన వానిని మఱచి, మిగిలిన వానిని మాత్రము ముందుంచుకొని, "పాతవన్నియు గట్టివే" యనుట సాక్షులలో సగమును దాచి తీర్పు కోరినట్లగును. ఒక ఫ్రిజ్జు కొనవలెనన్న నాటి గుమాస్తా ఎన్ని నెలల జీతము కూడబెట్టవలసి వచ్చెనో గూడ తలచుకొనవలెను. నేడు కూలివాని యింట ఫ్రిజ్జు వెలసినదన్న, అది క్రొత్తకాలపు పుణ్యమే.

ఇక క్రొత్తదనమే మేలుతనమని చెప్పువారికిని ఒక మాట. 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ అను సంస్థ మన దేశమున విరివిగా అమ్ముడుపోవుచున్న అయిదు చిన్నకార్ల నమూనాలను ఢీకొట్టించి పరీక్షించినది. అయిదింటికిని పెద్దల రక్షణలో సున్న నక్షత్రములు వచ్చెను. అవి పాత కార్లు కావు. నాటి క్రొత్త కార్లు. పిమ్మట ప్రజలలో కలవరము పుట్టినది, నిబంధనలు వచ్చినవి, 2018 డిసెంబరులో ఒక స్వదేశీ కారు ప్రప్రథమముగా అయిదు నక్షత్రముల నందినది, 2023లో భారత్ ఎన్‌క్యాప్ అను మన సొంత పరీక్షావిధానము నెలకొన్నది. దీనివలన తేలునదేమి? కాలము గడచుటచేత యంత్రము దానంతట బాగుపడదు. కొనువారు అడిగినపుడు, ప్రభుత్వము గద్దించినపుడు బాగుపడును. అడుగనిచోట బాగుపడదు. ఈ సూత్రమును పాఠకులు మనసున నుంచుకొందురు గాక.

మనము అడుగని దేది? మరమ్మతు.

మా యింటి ముచ్చట యొకటి చెప్పుటకు పాఠకులు మన్నింతురు గాక. మా తండ్రిగారు కొనిన ఆల్విన్ ఫ్రిజ్జు ముప్పదియేండ్లకు పైగా పనిచేసినది. ఈలోపల అది చెడకపోలేదు. గ్యాసు పోయినది, థర్మోస్టాటు చెడినది, రిలే కాలినది, తలుపు రబ్బరు సాగినది. చెడినప్పుడెల్ల వీథి చివర దుకాణము మిస్త్రీ సంచితో వచ్చి, ఒక పూటలో బాగుచేసి, కాఫీ త్రాగి, కూలి పుచ్చుకొని పోయెడివాడు. మొన్న మేము కొనిన వాషింగ్ మెషీను ఆరవయేట ఆగిపోయినది. మోటారు బాగున్నది, డ్రమ్ము బాగున్నది. అరచేయంత బోర్డు ఒకటి కాలినది. ఆ బోర్డును విప్పుటకు వీలులేకుండ జిగురు పోసి మూసియుంచిరి. క్రొత్త బోర్డు వెల క్రొత్త మెషీను వెలలో ఇంచుమించు సగము. "దీనికి సగము పోయుటకంటె క్రొత్తది కొనుట మేలు గదా, సార్" అని వచ్చిన కుఱ్ఱవాడే సలహా చెప్పెను. అతని తప్పేమియు లేదు. అతడు బాగుచేయుటకు శిక్షణ పొందలేదు. బోర్డు మార్చుటకు మాత్రమే శిక్షణ పొందెను. మంచి మోటారు, మంచి డ్రమ్ము, మంచి ఇనుము తుక్కు బండి యెక్కినవి.

మా మిస్త్రీ పనితనమును మెషీను అడ్డగింపలేదు. మూతకు పోసిన జిగురు అడ్డగించినది. ఆ జిగురు పోయవలెనని ఎచ్చటనో ఎవరో నిశ్చయించిరి.

కార్ల సంగతి ఇంతకంటె భిన్నము కాదు. అంబాసిడరు దారిలో ఆగిపోయినచో డ్రైవరు పానా తీసి, ప్లగ్గు తుడిచి, కార్బురేటరులో ఊది, మరల నడిపించుకొని పోయెడివాడు. తఱచుగా ఆగుట దాని దోషము. ఎవరి చేతికైన లొంగుట దాని గుణము. నేటి కారు అంత తఱచుగా ఆగదు. కాని ఆగినప్పుడు డ్రైవరునకు గాని, వీథి మెకానిక్కునకు గాని దాని రోగమేమో తెలియదు. దానిలో డజన్లకొలది చిన్న కంప్యూటర్లున్నవి. అవి తమ రోగమును తమ భాషలో చెప్పుచునేయున్నవి. ఆ భాషను చదువు పరికరము కంపెనీ చేతిలో నున్నది. విడిభాగము దొరికి బిగించినను, కంపెనీ కంప్యూటరు ఆమోదించినగాని అది పనిచేయని బండ్లును వచ్చుచున్నవి. తాళముచెవి పోయినచో క్రొత్త తాళముచెవిని సైతము కంప్యూటరుచే బండికి పరిచయము చేయింపవలసియున్నది.

ఇది మేము కేవలము ఊహించి చెప్పుమాట కాదు. 2011లో ఒక వినియోగదారుడు కార్ల కంపెనీలపై కాంపిటీషన్ కమిషను ఎదుట ఫిర్యాదు చేసెను. తమ విడిభాగములను, రోగనిర్ణయ పరికరములను బయటి మెకానిక్కులకు దొరకనీయక, వినియోగదారుని తమ సొంత సర్వీసు కేంద్రములకే కట్టివేయుచున్నారని ఆతని అభియోగము. విచారణ పెరిగి పెరిగి దేశమున కార్లు చేయు కంపెనీలలో అధికభాగమును చుట్టుముట్టినది. 2014 ఆగస్టు 25వ తేదీన కమిషను 14 కంపెనీలపై 2,544 కోట్ల రూపాయలకు పైబడిన జరిమానా విధించెను. విడిభాగములను, పరికరములను స్వతంత్ర మెకానిక్కులకు అందుబాటులో నుంచవలెననియు, బయట మరమ్మతు చేయించుకొనినంత మాత్రమున వారంటీ మొత్తము రద్దగునను షరతు పెట్టరాదనియు ఆజ్ఞాపించెను. కొన్ని కంపెనీలు అప్పీలు చేయగా 2016 డిసెంబరులో ట్రిబ్యునలు జరిమానా లెక్కను తగ్గించెనే గాని, తప్పు జరిగినదను నిర్ణయమును నిలిపెను.

ఈ తీర్పు వెలువడి పదేండ్లు దాటినది. పాఠకులు తమ కారు సర్వీసు పుస్తకము తెఱచి, దానిలో ఏమి వ్రాసియున్నదో చదువుడు. రాణీగంజిలోని మెకానిక్కును, ఆటోనగరులోని మెకానిక్కును పిలిచి అడుగుడు, కంపెనీ పరికరము ఎంతటి వెలకు, ఎన్నాళ్ళకు దొరకుచున్నదో. తీర్పు కాగితముపై నున్నది. తాళముచెవి ఇంకను పాతచోటనే యున్నది. వకీళ్ళమైన మాకిది ఆశ్చర్యము కలిగింపలేదు. ఫలము పొందవలసినవాడు తనకు హక్కున్నదని ఎఱుగనంతకాలము డిక్రీ అమలు కాదు.

కంపెనీలవారు చెప్పుకొను సమాధానమును తోసిపుచ్చక విందము. బ్రేకులు, బ్యాటరీలు ప్రాణముతో కూడిన వస్తువులు. చేయి తిరుగనివాడు తాకినచో ప్రమాదమని వారందురు. ఇది నిజము. 2022 సెప్టెంబరు 12వ తేదీ రాత్రి సికిందరాబాదులో విద్యుత్ స్కూటర్ల విక్రయశాలలో రేగిన మంటల పొగ పైయంతస్తుల లాడ్జికి వ్యాపించి 8 మంది మరణించిరి. ఆ దుర్ఘటనను మఱువజాలము. బ్యాటరీని పకోడీ బండివలె ఎవరైన నడుపవచ్చునని మేము చెప్పము. కాని ప్రమాదకరమైన పనికి కావలసినది శిక్షణ, పరీక్ష, లైసెన్సు, గుత్తాధిపత్యము కాదు. మందు ప్రాణముతో కూడినది గదాయని వైద్యమంతయు మందుల కంపెనీకే ఒప్పగించితిమా? వైద్యులకు చదువు చెప్పించి, పట్టమిచ్చి, ప్రతి వీథిలో కూర్చుండనిచ్చితిమి.

లోపలి సాఫ్ట్‌వేరును ఇతరులు తాకినచో పొగ నిబంధనలు భగ్నమగునని రెండవ సమాధానము. దీనికి లోకమెఱిగిన ప్రత్యుత్తరమున్నది. 2015లో బయటపడిన ఫోక్స్‌వ్యాగన్ వ్యవహారములో సాఫ్ట్‌వేరును మార్చి ప్రభుత్వమును మోసగించినది వీథి మెకానిక్కు కాదు; కంపెనీయే. పరీక్షగదిలో ఒక తీరున, రోడ్డుమీద మఱియొక తీరున నడుచునట్లు 1 కోటి 10 లక్షల బండ్లలో కపటపు ఆజ్ఞలు వ్రాసియుంచినది. దానిని పట్టినది కంపెనీ సొంత తనిఖీ కాదు. అమెరికాలో ఒక విశ్వవిద్యాలయమువారు బండ్లను రోడ్డుమీద నడిపి చేసిన స్వతంత్ర పరీక్ష. మూసిన పెట్టె నిజాయితీకి హామీ కాదు. తెఱచి చూచు కన్ను గలచోటనే నిజాయితీ నిలుచును.

ఆయుష్షును తగ్గించి అమ్ముట క్రొత్త విద్యయును కాదు. 1924లో ఐరోపా, అమెరికా దేశముల బల్బుల కంపెనీలు జెనీవాలో కూడి, ఏ బల్బును వేయి గంటలకు మించి వెలుగరాదని తమలో తాము కట్టడి చేసికొనెను. మించి వెలిగిన బల్బు చేసినవానికి జరిమానా విధించెను. నేటి విద్య దీనికంటె సూక్ష్మమైనది. 2022లో బి.ఎం.డబ్ల్యు. కంపెనీ కొన్ని దేశములలో కారు సీటును వేడిచేయు సదుపాయమునకు నెలసరి చందా కోరినది. తీగలు సీటులోనే యున్నవి, వాని వెల కారు వెలలో కలిసియేయున్నది. అయినను చందా కట్టినగాని వేడి రాదు. ప్రజల ఆగ్రహమునకు జంకి మరుసటియేడు దానిని విరమించినది. విరమించినను మార్గము లోకమునకు తెలిసినది. మనము వెలయిచ్చి కొనిన వస్తువు మన వాకిట నిలిచి, పరుని ఆజ్ఞకు ఎదురుచూచు కాలము వచ్చినది.

కావున మా నిర్ణయమును సూటిగ చెప్పుదుము. వస్తువుగా చూచిన క్రొత్తది మేలు. ఆస్తిగా చూచిన పాతది మేలు. పాత యంత్రము కొనినవానికి లొంగియుండెను; క్రొత్త యంత్రము అమ్మినవానికి లొంగియున్నది. క్రొత్తదాని గుణములను విడువకయే పాతదాని విధేయతను తిరిగి సంపాదించుట సాధ్యము. విప్పుటకు వీలైన మూత వలన ఎయిర్‌బ్యాగు పనిచేయక మానదు. బజారులో దొరకు బోర్డు వలన కరెంటు ఖర్చు పెరుగదు.

ఈ విషయమున మనకు ఒక కొలబద్ద ఎన్నడో దొరికియున్నది. దానిని మనము మఱచితిమి. యంత్రములన్నిటికి గాంధీమహాత్ముడు విరోధియని పలువురందురు. ఆయన 1924లోనే సింగర్ కుట్టుమిషనును మెచ్చుకొని, అది మనిషికి లొంగి మనిషి శ్రమను తీర్చునదని తన విమర్శ నుండి మినహాయించెను. 1929లో అఖిల భారత చరఖా సంఘము మెఱుగైన రాట్నమును కనిపెట్టినవారికి లక్షరూపాయల బహుమానము ప్రకటించెను. అందలి షరతులను నేటి ఇంజనీర్లు శ్రద్ధగా చదువవలెను. ఎనిమిది గంటలలో 16,000 గజముల నూలు రావలెను. వెల 150 రూపాయలు మించరాదు. పల్లెటి గుడిసెలో స్త్రీ తానొక్కతె ఎక్కువ శ్రమలేక నడుపగలుగవలెను. అప్పుడప్పుడు బాగుచేసికొనుచుండగా కనీసము 20 ఏండ్లు పనిచేయవలెను. మరమ్మతు ఖర్చు ఏటికి యంత్రపు వెలలో నూటికి 5 వంతులు మించరాదు. ఆ బహుమానము ఎవరికిని దక్కలేదు. కాని ఆ షరతులు చిరస్మరణీయములు. ఉత్పత్తి, వెల, వాడుకరి శ్రమ, ఆయుష్షు, మరమ్మతు అను అయిదింటిని ఒక్కచోట చేర్చి యంత్రమును తూచిన తక్కెడ అది.

ఆ తక్కెడలో నేటి వస్తువును పెట్టుదము. ముప్పదివేల రూపాయల వాషింగ్ మెషీనునకు ఏటికి 1,500 రూపాయలు మించని మరమ్మతు, 20 ఏండ్ల ఆయుష్షు ఉండవలెను. ఆరవయేట 15,000 రూపాయల బోర్డు కోరిన మెషీను ఈ పరీక్షలో తప్పినట్లే. పదిలక్షల కారునకు ఏటికి 50,000 రూపాయల పరిమితి. నిజము చెప్పవలెనన్న, మంచి క్రొత్త కార్లు పెక్కు ఈ ఖర్చు పరీక్షలో నెగ్గును. కాని వారంటీ తీరిన పిమ్మట, నమూనా మారిన పిమ్మట, 20వ యేట దాని కంప్యూటరు బోర్డు దొరకునని వ్రాసియిచ్చు కంపెనీ యేది? నాటి అంబాసిడరు ఆయుష్షులో నెగ్గి ప్రాణరక్షణలో తప్పినది. నేటి కారు ప్రాణరక్షణలో నెగ్గి ఆయుష్షు దగ్గర మౌనము వహించినది. రెండింటిలో నెగ్గు యంత్రమును కోరుట అత్యాశ కాదు.

ఈ మాట హైదరాబాదులోనే ఏల చెప్పవలెనన్న కారణము కలదు. 1998 నవంబరులో ప్రధాని వాజపేయిగారు సైబర్ టవర్సును ప్రారంభించిన నాడు మాధాపురము రాళ్ళగుట్టల నడుమ నొక పల్లె. నేడు ఆ చుట్టుప్రక్కల ప్రపంచపు కార్లకు కావలసిన సాఫ్ట్‌వేరు వ్రాయబడుచున్నది. హ్యుండాయ్ కంపెనీ ఇంజనీరింగు కేంద్రము ఈ నగరమున నున్నది. జర్మనీకి చెందిన జడ్.ఎఫ్. కంపెనీ సాంకేతిక కేంద్రము నానక్‌రామ్‌గూడలో నున్నది. బ్రేకునకు, స్టీరింగునకు, ఇంజనునకు ఆజ్ఞలు వ్రాయుటలో మన తెలుగు బిడ్డల చేయి కలదు. ఆ బిడ్డయే సాయంకాలము జోరువానలో బయోడైవర్సిటీ కూడలి దగ్గర నీట చిక్కి, తన కారు ఆగిపోయి, తెరమీద వెలిగిన పసుపుదీపమునకు అర్థమేమో తెలియక, లారీపై దానిని సర్వీసు కేంద్రమునకు పంపుకొనుచున్నాడు. యంత్రమునకు భాష నేర్పినవాడు తన యంత్రముతో మాటాడలేకున్నాడు. నేతగాడు తన మగ్గముమీది బట్ట తాను కట్టలేని పరాయిపాలన నాటి దైన్యమునకు దీనికి భేదమెంత?

రెండవ ప్రక్క చూడుడు. అబిడ్సు జగదీశ్ మార్కెటులో, కోఠి గుజరాతీ గల్లీలో, సికిందరాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరులో, విజయవాడ ఆటోనగరులో పుస్తకము లేక, పటము లేక, కన్నుతో చూచి చేతితో నేర్చిన మరమ్మతుగాండ్రున్నారు. సూదిమొనయంత చిప్పును ఊడదీసి అదుకగల నైపుణ్యము వారికున్నది. కళాశాల పట్టము లేదు. కంపెనీ పటములు వారికందవు. వ్రాయువాడు మాధాపురములో, బాగుచేయువాడు కోఠిలో. నడుమ పదిహేను కిలోమీటర్ల దూరము, ఎక్కలేని గోడ యొకటి. ఆ గోడ కూలిననాడు హైదరాబాదు, సాఫ్ట్‌వేరు నగరమని మాత్రమే గాక, మరమ్మతు నగరమనియు పేరొందగలదు.

ప్రభుత్వములు ఏమియు చేయలేదని మేమనము. కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖ 2022 జులైలో మరమ్మతు హక్కుపై సంఘమును నియమించినది. అదే సంవత్సరము డిసెంబరులో వ్యవసాయ పరికరములు, మొబైళ్ళు, ఇంటి యుపకరణములు, మోటారు బండ్లు అను నాలుగు తరగతులకు మరమ్మతు వివరముల పోర్టలు ప్రారంభమైనది. 2024లో నియమించిన వేఱొక సంఘము 2025 మే నెలలో మరమ్మతు సూచికపై నివేదిక సమర్పించినది: ఏ వస్తువు ఎంత సులువుగా విప్పవచ్చునో, విడిభాగము దొరకునో లేదో, వెలయెంతయో లెక్కించి మార్కులు వేయవలెనని దాని సారాంశము. ఫ్రాన్సు దేశము 2021 జనవరి నుండియే ఇట్టి మార్కులను పదింటికి వేయించి కొనువారికి కనబడునట్లు ప్రదర్శింపజేయుచున్నది. అమెరికాలోని మసాచుసెట్సు రాష్ట్ర ప్రజలు 2012లోనే ఓటువేసి కార్ల మరమ్మతు హక్కును సాధించుకొనిరి. పోర్టలు మంచిది, నివేదిక మంచిది. కాని ఉల్లంఘించినవానికి శిక్షలేని నియమము ఊరి చివర పాతిన బోర్డువంటిది. చదివినవాడు చదువును, చదువనివాడు సాగిపోవును.

కావున మేము కోరునవి నాలుగు. మొదటిది: కరెంటు పొదుపునకు నక్షత్రములు ఎట్లు వస్తువుపై నిర్బంధముగా అంటింపబడుచున్నవో, మరమ్మతు మార్కులును అట్లే నిర్బంధముగా అంటింపబడవలెను. నక్షత్రముల ఏర్పాటు ఎయిర్ కండిషనర్ల రూపమునే మార్చివేసినది; మార్కులు మూతల జిగురును కరిగింపగలవు. రెండవది: 2014 నాటి కమిషను తీర్పులోని ఆజ్ఞలను శాసనముగా చేసి, విడిభాగములు, రోగనిర్ణయ పరికరములు, పటములు వస్తువు తయారీ ఆగిన పిమ్మటను నిర్ణీతమైన ఏండ్లపాటు న్యాయమైన వెలకు ఎల్లరకు దొరకునట్లు చేయవలెను. మూడవది: తెలంగాణ ప్రభుత్వము 2024లో 65 ఐ.టి.ఐ.లను నవీన శిక్షణకేంద్రములుగ మార్చుటకు పూనుకొని మల్లేపల్లిలో శంకుస్థాపన చేసినది. ఆ కేంద్రములలో తయారీతోబాటు మరమ్మతును గూడ సమానగౌరవముతో నేర్పవలెను. బ్యాటరీ బండ్ల మెకానిక్కులకు పరీక్ష పెట్టి లైసెన్సు ఇవ్వవలెను. కోఠి మిస్త్రీని పట్టము లేదని వాకిట నిలుపరాదు. నాలుగవది: 2023 మార్చిలో రాయదుర్గమున ప్రారంభమైన టి-వర్క్స్ వంటి యంత్రశాలలు, బజారులో దొరకని పాత విడిభాగములను తయారుచేయువారికి తలుపులు తెఱచియుంచవలెను.

ప్రజలు చేయవలసిన దొకటి గలదు, దానికి ఏ శాసనము అక్కఱలేదు. ఈ దసరాకో, రాబోవు సంక్రాంతికో ఏదియో కొనుటకు దుకాణమునకు పోవుదురు గదా! తగ్గింపు ఎంతయని అడుగుటకు ముందు మూడు ప్రశ్నలు అడుగుడు. ఇది చెడినచో నా వీథి మెకానిక్కు బాగుచేయగలడా? ముఖ్యమైన విడిభాగము వెలయెంత? ఎన్నియేండ్లు దొరకునో కాగితముపై వ్రాసియిత్తురా? దుకాణదారునికి సమాధానము తెలియకపోవచ్చును. పదిమంది అడిగినచో అతడు కంపెనీని అడుగును. వేయిమంది అడిగినచో కంపెనీ సమాధానము వెదకును. న్యాయము కాని షరతులను ప్రశ్నించుటకు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టములో అన్యాయపు ఒప్పందమను ప్రకరణము గలదు. అట్టి ఫిర్యాదును రాష్ట్ర కమిషను విచారింపగలదు. బయట మరమ్మతు చేయించితివని వారంటీ నిరాకరించినచో ఆ నిరాకరణను వ్రాతపూర్వకముగా పుచ్చుకొనుడు. నోటిమాటను పట్టుకొని పోరాడుట కష్టము; కాగితము ఒక్కటి చేతనుండిన వకీలుకు పని సులువు.

పాత ఆల్విన్ ఫ్రిజ్జు తిరిగి రాదు; రావలెనని మేము కోరుటయు లేదు. అది కరెంటు తినినది, ఆకాశమును చెఱచినది. కాని దాని మూతకు నాలుగు మరలుండెను. ఆ మరలకు సరిపడు స్క్రూడ్రైవరు ప్రతి యింట నుండెను. నేటి యంత్రమునకు ఆ నాలుగు మరలు తిరిగి కావలెను. విదేశీ వస్తువును విడిచి స్వదేశీ వస్తువును పట్టుమని పూర్వులు బోధించిరి. కొనిన వస్తువుపై కొనినవానికి అధికారముండవలెనని మనము దానికి చేర్చవలసియున్నది. తన యింటి యంత్రముపై తనకు స్వరాజ్యము లేనివాడు దానికి యజమానుడు కాడు, కిరాయిదారుడు మాత్రమే.